పదమూడున్నర

సాలమోను ఎడమ చేతిని మోచేతి దాకా వేడినీళ్ళ గిన్నెలో ముంచి, అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాలేజీలో సూది పని ఉన్న రోజున పొద్దున్నే ఆయన చేసే మొదటి పని ఇదే. నీళ్ళు మరీ కాగకూడదు, చల్లారకూడదు. చెయ్యి కాసేపు నానితే నరం ఉబ్బి పైకి తేలుతుంది. చేతులు వణికే పిల్లలకి కూడా తేలిగ్గా దొరుకుతుంది. పంతొమ్మిదేళ్ళుగా తన చేతిని ఇలా ఉడకేసి పిల్లలకి వడ్డిస్తున్నాడని భార్య దీనమ్మ దెప్పుతూ ఉంటుంది.

ఈవేళ దీనమ్మ దెప్పలేదు. చెంబుతో ఇంకాసిని వేణ్ణీళ్ళు పోసి, ఆ చేతికేసి చూస్తూ నిలబడింది. మోచేతి మడత దగ్గర పదిహేను రోజుల కిందటి సూది మచ్చ ఇంకా అలాగే ఉంది. మినపగింజంత ఉండాల్సిన మచ్చ అరచెయ్యంత పాకింది, నేరేడుపండు రంగులో.

"ఇదేంటండీ, ఇంకా తగ్గలేదు?" అంది.

"తగ్గిపోద్ది లేవే. పిల్లది కాస్త గట్టిగా గుచ్చింది."

ఏ పిల్లా గట్టిగా గుచ్చలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెల్లారేసరికి బనీను తడిసి ఒంటికి అంటుకుపోతోందనీ, బెల్టుకి ఈ ఏడాదిలో మూడు కొత్త చిల్లులు పొడిచాడనీ, ఎడమ డొక్కలో ఏదో రాయి పెట్టినట్టు బరువుగా ఉండి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందనీ కూడా తెలుసు. పళ్ళు తోముకుంటే ఉమ్ములో ఎర్రజీర కనిపిస్తుంది. దాన్ని దీనమ్మ కంటపడకుండా గబగబా నీళ్ళు పోసి కడిగేస్తాడు. సైకిలు తొక్కలేక ఆటోలో వెళ్తూ, టైరు పంచరైందని రెండు నెలలుగా చెబుతున్నాడు. రెండు నెలల పంచరు లోకంలో ఎక్కడైనా ఉంటుందా? దీనమ్మకి ఆ మాత్రం తెలియక కాదు. అడిగితే ఆయన మొహం ఎలా అయిపోతుందో చూడలేక ఊరుకుంది.

నిజం చెప్పుకోవాలంటే సాలమోను పిరికివాడు. తన చేతిని ఎవరికైనా ఇస్తాడు కానీ, కాకినాడ పెద్దాసుపత్రి పేరెత్తితే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. ఆయన అన్న పెదబాబు కాళ్ళవాపు చూపించుకుందామని తన కాళ్ళ మీద తను నడిచి కాకినాడ బస్సెక్కాడు. తొమ్మిదో రోజున అంబులెన్సులో గుడ్డ కప్పుకుని దిగాడు. అప్పటినుంచీ ఆ ఊరు సాలమోనుకి ఊరు కాదు, తిరిగి రాని దారి.

"పరీక్షలవగానే వెళ్దారండీ, నాకు మాటివ్వండి," అంది దీనమ్మ తువ్వాలు అందిస్తూ.

"ఆయ్, చూద్దాం," అన్నాడు. ఆయన చూద్దామంటే లేదని అర్థం. కంచంలో సగం అన్నం వదిలేసి, చొక్కా చేతిని మచ్చ మీదకి దించి బయల్దేరాడు.

కొత్తపేట బస్టాండుకి కూతవేటు దూరంలో, ఒకప్పుడు కొబ్బరికాయల గోదాముగా ఉన్న మేడలో ఉంది ఆ కాలేజీ. కమ్యూనిటీ కాలేజీ అని బోర్డు ఉంటుంది. కింద కుట్టుపనీ కంప్యూటర్లూ నేర్పుతారు. పైన ల్యాబ్ టెక్నీషియను కోర్సు. అల్లవరం నుంచీ ఐ.పోలవరం నుంచీ, ఇంటరుతో చదువాగిపోయిన పిల్లలూ, పెళ్ళిళ్ళయి బిడ్డలున్న ఆడవాళ్ళూ కూడా వచ్చి చేరతారు. రెండేళ్ళు చదివి, రక్తం తియ్యడం, పరీక్షించడం నేర్చుకుని ఏదో ఒక ఆసుపత్రిలో కుదురుకుంటారు. సాలమోను అక్కడ అటెండరు. గాజు స్లైడులు కడగడం, ట్యూబులు ఆరబెట్టడం, మైక్రోస్కోపులకి గుడ్డ కప్పడం ఆయన పని. ముప్ఫై ఎనిమిదో ఏట చేరాడు. ఇంకో ఏడాదిలో దిగిపోతాడు.

మెట్లు పద్దెనిమిది. ఇవాళ మూడుచోట్ల ఆగాడు. మూడోసారి ఆగినప్పుడు గోడ పట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

పై గదిలో కిటికీ పక్కన ఆయన కుర్చీ ఉంది. రక్తం ఇచ్చేవాళ్ళు చెయ్యి చాపుకోడానికి వీలుగా ఒక పక్కన వెడల్పాటి చెక్క బిగించిన కుర్చీ. మొదటి బ్యాచ్ పిల్లలు సూది పట్టుకోవాల్సిన రోజున ఎవరూ ఎవరికీ చెయ్యి ఇవ్వలేదు. ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. పాఠం చెప్పే శ్యామ్ బాబు సారు విసుక్కున్నాడు. మూల నిలబడి స్లైడులు తుడుస్తున్న సాలమోను వచ్చి, చొక్కా చెయ్యి మడిచి ఈ కుర్చీలో కూర్చున్నాడు. "నా చేతికి గుచ్చండమ్మా, నాకు నెప్పి తెలీదు," అన్నాడు. అది అబద్ధం. కానీ ఆ ఒక్క అబద్ధంతో ఆరోజు పదహారుమంది సూది పట్టుకున్నారు. అప్పటినుంచీ ఏ బ్యాచ్‌కైనా మొదటి సూది సాలమోను గారి చేతికే. అది రూలు పుస్తకంలో లేదు, అయినా ఎవరూ తప్పలేదు.

పరీక్ష నాడు కూడా ఆయన రక్తమే. చీటీ వేసి ఒకరి చేత తీయించి, ఆ ట్యూబులో రక్తమే అందరికీ పంచుతారు. ఒకే రక్తమైతే జవాబు ఒకటే ఉంటుంది, మార్కులు వెయ్యడం సులువు. మొదటి ఏడు మిషను ఆసుపత్రి డాక్టరుగారొకరు వచ్చి స్వయంగా పరీక్షించి సరైన జవాబు రాసిచ్చారు. రక్తశాతం పదమూడున్నర. తెల్లకణాలు ఏడువేల రెండొందలు. ఆ ఏడు రేచల్ అనే పిల్లకి పదకొండు వచ్చింది. ఫెయిలు చేశారు. మళ్ళీ చదవలేదు, రొయ్యల షెడ్డులో చేరింది. ఆదివారం ఆదివారం చర్చిలో, మంచునీళ్ళకి చివికిపోయిన వేళ్ళతో రేచల్ పాటల పుస్తకం తిప్పుతుంటే సాలమోను ఆ వేళ్ళకేసి చూడలేకపోయేవాడు.

మరుసటి ఏడు పరీక్షలో ఒక పిల్ల ఏడుపు మొహంతో కనిపించేసరికి, పక్కనుంచి స్లైడులు అందిస్తున్నట్టు వంగి, "పదమూడున్నర రాసుకో తల్లీ," అని చెవిలో ఊదేశాడు. తప్పంటే తప్పే. కానీ ఆ పిల్ల మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది. ఆ తరవాత చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. సీనియర్లు జూనియర్లకి చెప్పుకున్నారు. ఎవరో కుర్చీ చెక్క అడుగున పెన్సిలుతో రాసి పెట్టారు కూడా. తరవాతి బ్యాచ్‌లవాళ్ళు అది చెరిగిపోకుండా మళ్ళీ మళ్ళీ దిద్దుకున్నారు. నాలుగు క్లాసులు ఒక్కడే చెప్పుకునే శ్యామ్ బాబు సారు కూడా, ఏటా జవాబు చీటీ మీద తడుముకోకుండా అదే అంకె వేసేవాడు.

అందరికంటే గట్టిగా ఆ అంకెని నమ్మింది సాలమోనే. డొక్కలో బరువు మొదలైన ఏడు, పిల్లల రికార్డు పుస్తకాలు సర్దుతూ ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాడు. పదమూడున్నర. పదమూడున్నర. ప్రతి పేజీ కిందా సారు సంతకం. ఇంతమంది రాశారు, సారు చూశారు, ఇంక తనకేం భయం అనుకున్నాడు. ఆ అంకె వాళ్ళ చెవిలో వేసింది తనేనని గుర్తుకు రాకుండా మనసుని అదిమిపెట్టాడు. భయపడ్డ మనిషి తనకి తను చెప్పుకునే అబద్ధం అంత తీపిగా ఇంకేదీ ఉండదు కాబోలు.

పదింటికి ఎగ్జామినరు వచ్చింది. కౌముది మేడం అట, కాకినాడ నుంచి. ఆ ఊరి పేరు వినగానే సాలమోను ట్రే తీసుకుని గది అటు చివరికి జరిగాడు. సన్నగా, కళ్ళద్దాలతో, నవ్వని మనిషి. ఆవిడ పన్నెండుమంది అభ్యర్థులకీ ఒకటే మాట చెప్పింది. పుస్తకంలో అంకె వేస్తే చాలదు, ప్రతివాళ్ళ ట్యూబూ, ప్రతివాళ్ళ మైక్రోస్కోపూ తను వచ్చి చూస్తుంది.

చీటీ లక్ష్మీప్రసన్నకి తగిలింది. ఐ.పోలవరం పిల్ల. కిందటేడు ఇదే పరీక్షలో కూడా చీటీ తనకే వచ్చి, చెయ్యి వణికి, నాలుగుసార్లు గుచ్చినా నరం దొరక్క తప్పింది. అమలాపురంలో ఒక ల్యాబ్‌వాళ్ళు ఈ నెలాఖరు దాకా ఉద్యోగం అట్టేపెట్టారు. ఇది తప్పితే ఇంట్లో ఇంక చదివించరు. ఆ పిల్ల కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"భయపడకు తల్లీ. నరం నీకోసం లేచి కూర్చుంది చూడు," అన్నాడు సాలమోను, పొద్దున్న నానబెట్టిన ఎడమ చెయ్యి చాపి. మచ్చకి కాస్త పక్కగా వేలుపెట్టి చూపించాడు.

రబ్బరు పట్టీ కట్టింది. దూదితో తుడిచింది. గుచ్చింది. ఒక్కసారికే రక్తం వచ్చింది. ఊదారంగు మూత ట్యూబులోకి జారుతున్న దాన్ని చూసి సాలమోను మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎప్పటి చిక్కదనం లేదు. సూది తీశాక దూది పెట్టి నొక్కుకుంటే, దూది తడిసింది. ఇంకోటి పెట్టాడు. అదీ తడిసింది. మూడో దూది పెట్టి మోచెయ్యి మడుచుకుని, ఎవరికీ కనపడకుండా సింకు వైపు తిరిగి నిలబడ్డాడు. వెళ్ళబోతున్న ప్రసన్న చెవిలో అలవాటుగా చెప్పాడు. పదమూడున్నర. ఆ పిల్ల ఆయ్ అంటూ తలూపింది.

అరగంట గడిచింది. అందరూ చకచకా ముగించేస్తున్నారు. తెలిసిన జవాబుకి మైక్రోస్కోపులో కన్ను పెట్టేదెవరు? ప్రసన్న ఒక్కతే ఇంకా తల ఎత్తలేదు. రక్తంలో యాసిడు కలిపి, పక్కన ఉన్న గోధుమరంగు గాజుతో రంగు కలిసేదాకా చుక్క చుక్కగా నీళ్ళు పొయ్యాలి. ఎన్నో గీత దగ్గర రంగు కలిస్తే అదే రక్తశాతం. ఆ పిల్ల పోసింది, చూసింది, పారబోసి మళ్ళీ మొదలెట్టింది. మూడోసారి కూడా అయ్యాక, నీళ్ళ సీసా ఖాళీ అయిందన్నట్టు చెయ్యి ఎత్తింది. సాలమోను సీసా పట్టుకుని వెళ్ళాడు.

"బాబాయిగారూ, ఏడే వస్తోందండి," అంది గొంతు తగ్గించి.

"నీకెందుకు తల్లీ, పదమూడున్నర రాసెయ్యి."

"మూడుసార్లు చేసేనండి. పదమూడున్నర దాకా నీళ్ళు పోస్తే రంగే ఉండట్లేదండి. మేడం వచ్చి చూస్తారు కదండీ." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తెల్లకణాలైతే లెక్కే అందట్లేదు. మందు తప్పు కలిపేనేమో, ఒక్కసారి చూసి చెప్పండి."

సాలమోను మేడం వైపు చూశాడు. ఆవిడ అటు చివర ఉంది. స్లైడు సరిచేస్తున్నట్టు వంగి మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. చదువుకోలేదు కానీ పంతొమ్మిదేళ్ళుగా పిల్లల భుజాల మీదుగా చూసినవాడు. గళ్ళు గీసిన ఆ గాజుపలకలో, ఒక్కో గడిలో రెండో మూడో చొప్పున, పలచగా తేలుతుండాలి తెల్లకణాలు. ఇక్కడ గళ్ళ గీతలే కనపడలేదు. ఇసక పోసినట్టు ఉన్నాయి. పక్కనే ప్రసన్న రంగు వేసి ఆరబెట్టిన రక్తపు స్లైడు ఉంది. దాన్ని పెట్టి చూశాడు. పెద్ద పెద్ద ఊదారంగు కణాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

ఇది ఆయన ఎరిగిన బొమ్మే. అద్దాల బీరువాలో, అట్టపెట్టెలో, నేర్పడానికి ఎప్పుడో తెప్పించిన స్లైడు ఒకటి ఉంది. ఏడాదికోసారి బయటికి తీసి, ఇది రక్తకేన్సరు, బాగా చూసుకోండి అని సారు అందరికీ చూపిస్తాడు. చూపించాక మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేది సాలమోనే. ఎవరి రక్తమో పాపం అని ప్రతిసారీ అనుకునేవాడు.

పెదబాబు మీద కప్పిన గుడ్డ, దాని అంచున నీలంచార, కళ్ళముందుకొచ్చింది. ఆ తరవాత ఆయన చేసిన పని ఎవరూ చూడలేదు, ప్రసన్న తప్ప. స్లైడునీ గళ్ళపలకనీ చేతిలోకి తీసుకుని సింకు దగ్గరికి నడిచాడు. స్లైడులు కడగడం ఆయన పనే కదా, ఎవరు అడుగుతారు? కుళాయి తిప్పాడు. నీళ్ళు పడుతున్నాయి. ఒక్కసారి వాటికింద పెడితే చాలు, పోతుంది. మిగతావాళ్ళవి కూడా కడగడానికని ఇలాగే ఎత్తుకొచ్చెయ్యొచ్చు. ట్యూబు కూడా ఒలికిపోయిందంటే సరి. ఈ పిల్ల పదమూడున్నర రాసి పాసవుతుంది, అమలాపురం వెళ్తుంది. తను సాయంత్రం ఇంటికి వెళ్తాడు. కాకినాడ వెళ్ళక్కర్లేదు.

ప్రసన్న పక్కకొచ్చి నిలబడింది.

"పోనీ మీరు రాసెయ్యమంటే అదే రాసేస్తానండి," అంది మెల్లగా. "కానీ బాబాయిగారూ, అది మీ రక్తమే కదండీ."

కుళాయి నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. సాలమోనుకి ఏడుపొచ్చింది. రెండేళ్ళుగా తనని తను అడక్కుండా దాటేసిన మాట అది. ఈ పిల్లకీ భయమే. తప్పు రాస్తే ఫెయిలు, ఒప్పు రాసినా ఫెయిలేమో. అయినా అడిగింది. కుళాయి కట్టేశాడు. స్లైడూ గళ్ళపలకా తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"నువ్వు ఏది చూసేవో అదే రాయి తల్లీ."

మేడం ముందు పుస్తకాలూ ట్యూబులూ చూస్తూ ఒక్కో బల్లా దాటుకుంటూ వచ్చింది. పదకొండు పుస్తకాల్లో పదమూడున్నర, పదకొండు ట్యూబుల్లో పక్క గాజుకి ఏమాత్రం కలవని వెలిసిన రంగు. చూసేకొద్దీ ఆవిడ మొహం ముడుచుకుంటూ వచ్చింది. ప్రసన్న పుస్తకం చూసింది. ఏడు. తెల్లకణాల దగ్గర, లెక్కపెట్టడానికి వీలుకానంత ఎక్కువ. చేతిలో జవాబు చీటీ చూసుకుంది. ప్రసన్న బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మేడం కళ్ళద్దాలు పైకి తోసి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. కూర్చున్నావిడ చాలాసేపు లేవలేదు.

"ఈ రక్తం ఎవరిది?" అంది చివరికి.

సాలమోను రెండడుగులు ముందుకొచ్చాడు. మడిచిన చొక్కా చెయ్యి, మోచేతిలో ఎర్రగా తడిసిన దూది.

"నాదేనండి."

కౌముది మేడం లేచి నిలబడింది. అటెండరు ముందు ఎగ్జామినరు లేచి నిలబడడం ఆ గదిలో అదే మొదటిసారి. తన కుర్చీ ఆయన వైపు జరిపి కూర్చోమంది. కూర్చోనన్నాడు. భుజం పట్టి కూర్చోబెట్టింది. ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. కనురెప్ప కిందికి లాగి చూసింది, డొక్కలో వేళ్ళతో మెల్లగా నొక్కింది. ఆ తరవాత శ్యామ్ బాబు సారుని వరండాలోకి పిలిచింది. ఆవిడ ఏం అడిగిందో లోపలికి వినపడలేదు. తిరిగొచ్చిన సారు జవాబు చీటీని నాలుగు మడతలు పెట్టి చేతిలోనే నలుపుకుంటూ, సాలమోను మొహంలోకి చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

పదకొండుమందికీ పరీక్ష మళ్ళీ పెడతామని చెప్పారు. కాకినాడ ఆసుపత్రికి మేడం ఉత్తరం రాసిచ్చింది. రేపు కాదు, ఇవాళే వెళ్ళాలంది. ఇంటికి కబురెళ్ళింది. దీనమ్మ వచ్చేలోపు సాలమోను ఊరికే కూర్చోలేకపోయాడు. వద్దన్నా వినకుండా స్లైడులన్నీ కడిగి, తుడిచి, కిటికీ గట్టు మీద ఎండబెట్టాడు. మైక్రోస్కోపులకి గుడ్డలు కప్పాడు. ప్రసన్న చేసిన స్లైడు మాత్రం కడగలేదు. అక్కడి డాక్టర్లకి చూపించమని మేడం దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది. తన రక్తాన్ని తనే చొక్కా జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

దీనమ్మ ఆటోలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయనకి చోటిస్తూ పక్కకి జరిగింది. ప్రసన్న ఆటో దాకా వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడింది.

"భయంగా ఉందే తల్లీ," అన్నాడు సాలమోను. జీవితంలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆ పిల్ల వేళ్ళకేసి చూసి అన్నాడు. "చెయ్యి వణకలేదు ఈసారి."

ఆటో రావులపాలెం రోడ్డెక్కింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

పదకొండో రోజున, మధ్యాహ్నం భోజనాల వేళ, శ్యామ్ బాబు సారుకి దీనమ్మ ఫోను చేసింది. పొద్దున్న నిద్రలోనే పోయారని చెప్పింది. ఏడవలేదు. రెండేళ్ళ కిందట వచ్చి ఉంటే రోజూ మాత్ర వేసుకుంటూ ఎన్నేళ్ళయినా గడిపేసేవారని అక్కడి డాక్టరుగారు అన్నారట. ఆ మాట చెప్పి, సార్, మీ పిల్లల పుస్తకాల్లో ఆయనకి బానే ఉందని రాసుంది కదండీ, అని అడిగింది.

ప్రసన్న పాసై అమలాపురంలో చేరింది. ఎంత రద్దీ ఉన్నా ప్రతి ట్యూబూ రెండోసారి చూసుకుంటుందని అక్కడివాళ్ళు విసుక్కుంటారు. కొత్తపేటలో కొత్త బ్యాచ్ వచ్చింది. ఇప్పుడు పిల్లలు ఒకరి చేతికి ఒకరు గుచ్చుకుంటున్నారు. ఎవరి అంకె వాళ్ళదే, ముందుగా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. సాలమోను స్థానంలో ఒక ఆయమ్మ వచ్చింది. శుభ్రమైన మనిషి. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో కుర్చీ చెక్క పైభాగం నిగనిగలాడేలా తుడుస్తుంది. చెక్క అడుగున మాత్రం, ఇన్ని బ్యాచ్‌లవాళ్ళు చెరిగిపోకుండా దిద్దుకుంటూ వచ్చిన పెన్సిలు అంకె, పదమూడున్నర, నల్లగా అలాగే ఉంది.